డికిన్‌సన్ డాష్: దిద్దుబాటులో పోయిన అర్థం

ఇంగ్లీషు వాక్యంలో కోలన్ ఎక్కడ పెట్టాలి, డాష్ ఎక్కడ పెట్టాలి అనే విషయాన్ని మీరు వ్యాకరణ పాఠంలో చదివే ఉంటారు. ఆ తేడా ఒక కవిత అర్థాన్ని ఎంతగా మార్చగలదో ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా రెండు చిన్న వాక్యాలు గమనించండి. "షీ హ్యాడ్ వన్ ఫియర్: ది ఎగ్జామ్." ఇక్కడి కోలన్ మన "ఏమిటంటే" చేసే పనే చేస్తుంది. భయం ఒకటే. అదేమిటో రాసేవారికి ముందే తెలుసు, చెప్పడమే మిగిలింది. "షీ హ్యాడ్ వన్ ఫియర్ – నో, టూ." ఇక్కడ రాసేవారు మాట మధ్యలో ఆగి, అన్నదాన్ని సవరించుకుంటున్నారు. ఈ డాష్ స్థానంలో కోలన్ పెడితే వాక్యం నిలవదు. కోలన్‌కు ముందు పూర్తి వాక్యం ఉండాలన్న నియమాన్ని కూడా గుర్తుంచుకోండి. "మై ఫేవరెట్ పొయెట్స్ ఆర్" అని రాసి వెంటనే కోలన్ పెట్టడం సరికాదు.

ఇక కవిత సంగతి. అమెరికాలోని ఆమ్‌హెర్స్ట్‌లో జీవించిన ఎమిలీ డికిన్‌సన్ (1830–1886) దాదాపు 1800 కవితలు రాసింది. ఆమె జీవించి ఉండగా అచ్చయినవి చాలా కొద్ది. రాతప్రతుల నిండా డాష్‌లే. 1890లో మేబెల్ లూమిస్ టాడ్, థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్సన్ తొలి సంపుటాన్ని ప్రచురించినప్పుడు చాలా డాష్‌లను తీసి కామాలు, ఫుల్‌స్టాప్‌లు పెట్టారు. అందులో "ది చారియట్" అనే కవిత ఉంది. ఆ శీర్షిక కూడా సంపాదకులు పెట్టినదే.

మృత్యువు మర్యాదస్తుడిలా బండి తెచ్చి ఆమెను ఎక్కించుకుంటాడు. బడి, పంటచేలు దాటతారు. అస్తమిస్తున్న సూర్యుణ్ణి కూడా దాటామంటుంది. రాతప్రతిలో ఆ మాట తర్వాత డాష్ ఉంది. తరువాతి చరణంలో ఆమె తన మాటను తానే దిద్దుకుంటుంది: మేము కాదు, అతడే మమ్మల్ని దాటిపోయాడని. మంచు చలి ఒంటికి తగిలేది అప్పుడే. బండి కదులుతున్నదనుకున్న మనిషికి, తాను ఆగిపోయానని తెలిసిన క్షణమది. పైన చూసిన "నో, టూ" వాక్యంలోని డాష్ పనే ఇక్కడా జరుగుతున్నది, కాకపోతే సవరించుకుంటున్నది ఒక అంకెను కాదు.

1890 ప్రతిలో సూర్యుణ్ణి దాటిన వాక్యం ఫుల్‌స్టాప్‌తో ముగుస్తుంది. సవరణ ఉన్న ఆ చరణమైతే మొత్తానికే లేదు. ప్రయాణం సాఫీగా సాగిపోతుంది. కవిత చివర గుర్రాల తలలు అనంతత్వం వైపు తిరిగి ఉన్నాయన్నచోట కూడా రాతప్రతిలో డాష్ ఉంటే, అచ్చులో ఫుల్‌స్టాప్ పడింది. అనంతత్వానికి ఫుల్‌స్టాప్!

సంపాదకులను పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు. వారు అప్పటి పాఠకుల అలవాటును దృష్టిలో పెట్టుకున్నారు. ఆ పుస్తకం త్వరత్వరగా పునర్ముద్రణలు పొందింది. డికిన్‌సన్‌కు తొలి పాఠకులను తెచ్చిపెట్టింది వారే. అయితే ఫుల్‌స్టాప్ మార్పు కన్నా చరణాన్ని తొలగించడమే పెద్ద లోపమని నా అభిప్రాయం. చిహ్నం పోయినా, దిద్దుకున్న మాట మిగిలి ఉంటే పాఠకులు ఆ తడబాటును ఊహించుకోగలిగేవారు.

1955లో థామస్ హెచ్. జాన్సన్ సంపాదకత్వంలో వచ్చిన మూడు సంపుటాలు డాష్‌లను, విడిచిపెట్టిన చరణాన్ని తిరిగి తెచ్చాయి. రాతప్రతుల్లో ఆ గీతలన్నీ ఒకే పొడవున ఉండవు. కొన్ని వాలుగా కూడా ఉంటాయి. అచ్చులో అన్నీ ఒక్క తీరుగానే కనిపిస్తాయి.

పరీక్షలో ఈ కవిత గురించి రాసేటప్పుడు డికిన్‌సన్‌లా డాష్‌లు గుప్పించకండి. మీ వ్యాసంలో మీకు ముందే తెలిసిన విషయాన్ని విప్పి చెబుతారు కాబట్టి ఎక్కువ చోట్ల కోలనే సరిపోతుంది. రాయడానికి ముందు మీ చేతిలోని పాఠాన్ని ఒకసారి చూడండి. అందులో అయిదు చరణాలే ఉంటే అది 1890 నాటి ప్రతి. ఆరు ఉంటే నాలుగో చరణం మొదటి పాదాన్ని పైకి చదివి, డాష్ దగ్గర మీ గొంతు ఏం చేస్తుందో గమనించండి.