ఎవరి వెన్న శాతం వారిదే

మా లాలాపేట్‌లో విజయ డెయిరీ తెలియనివాళ్లు ఉండరు. డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నాకు సహకార డెయిరీ పద్ధతి ఎప్పుడూ గొప్పగా తోస్తుంది. ఊళ్లోని పాల కేంద్రంలో ప్రతి రైతు పాలకూ విడిగా వెన్న శాతం చూస్తారు, దాన్నిబట్టే డబ్బు కడతారు. ఆ పైనే పాలన్నీ ఒక్క క్యాన్‌లో కలుస్తాయి. కాలేజీల్లో గ్రూప్ ప్రాజెక్టంటే కలపడం ఒక్కటే మిగిలింది. ఒకరు రాస్తారు, మిగతావాళ్లు సంతకం పెడతారు, మార్కులు అందరికీ సమానం.

దాంతో విసిగి చాలామంది లెక్చరర్లు పోటీకే మొగ్గుతారు. పిల్లలకూ అదే అలవాటు. ఇంటర్‌లో మార్కులనుబట్టి సెక్షన్లు, ఈఏపీసెట్‌లో పక్కవాడు ముందుకెళితే మన ర్యాంకు దిగడం. సీట్లు కొన్నే ఉన్నచోట పోటీ తప్పదు. కానీ బీఎస్సీ క్లాసులో పక్కమ్మాయికి పాఠం అర్థమైతే ఎవరికి ఏం నష్టం?

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో వేర్వేరు జాతుల పిల్లలు కొత్తగా ఒకే బడికి వచ్చి గొడవపడుతుంటే, సైకాలజిస్టు ఎలియట్ ఆరన్సన్ పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి పంచాడు. పక్కవాడు చెప్పేది వింటేనే పాఠం పూర్తవుతుంది. జిగ్‌సా అంటారు దాన్ని. హాలోఆల్కేన్ల పాఠం దీనికి అచ్చంగా సరిపోతుంది: జట్టులోని నలుగురికి ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2, ఈ1, ఈ2 అనే నాలుగు చర్యలు, తలా ఒకటి. ఎస్‌ఎన్1 వచ్చినవాళ్లంతా ముందు ఒకచోట కూర్చుని కార్బోకేటయాన్ సంగతి తేల్చుకుంటారు, తర్వాత ఎవరి జట్టులోకి వాళ్లు వెళ్లి చెబుతారు. జనగామ వైపు నుంచి వచ్చిన తెలుగు మీడియం అమ్మాయి క్లాసులో నోరు విప్పదు. ఎస్‌ఎన్1 ముక్క తన దగ్గరే ఉంది గనుక ఇక్కడ చెప్పక తప్పదు, తెలుగులోనే చెబుతుంది. నాచారం కుర్రాడు అడ్డుకుంటాడు: "నీళ్లు కలిపితే చర్య వేగం ఎందుకు పెరగాలి?" అయాన్లను నీటి అణువులు చుట్టుముట్టి నిలబెడతాయని ఆమె బొమ్మ గీసి చూపిస్తుంది. నా ఉపన్యాసంలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

పరీక్ష మాత్రం విడివిడిగానే, నాలుగు చర్యల మీదా. ఈ ఒక్కటీ వదిలేస్తే మళ్లీ పాత గ్రూప్ ప్రాజెక్టే.

"మావాడు పక్కవాళ్లకు చెబుతూ కూర్చుంటే వెనకబడడా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఉస్మానియా లైబ్రరీ దగ్గర గ్రూప్స్‌కు చదివేవాళ్లను చూడమంటాను. ఒకే పోస్టుకు పోటీపడుతూ కంబైన్డ్ స్టడీ చేస్తారు.

తోటి లెక్చరర్లకు నా మనవి: ఈ సెమిస్టర్‌లో ఒక్క యూనిట్ ఇలా చెప్పి చూడండి. ఇంటర్నల్స్ మార్కులు మాత్రం ఎవరివి వారికే వేయండి.