సారణి తీగ ఏ గేజిది?

వీణ కొనేటప్పుడు పనస కొయ్య వయసు గురించి, కుండ లోతు గురించి, యాళి ముఖం చెక్కిన పనితనం గురించి పూటంతా మాట్లాడతారు. తీగల మాట వచ్చేసరికి "ఏదో ఒక సెట్టు వేసివ్వండి" అనేస్తారు. వీణకు ఇంతకన్నా అవమానం ఉంటుందా? పలికేది తీగ. కొయ్య ఆ పలుకును పెంచి పంపుతుంది, అంతే.

వీణకు 7 తీగలు. మెట్ల మీదుగా సాగేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మూడు, కుడిచేతి చిటికెన వేలు మీటేవి. సారణి, పంచమాలకు ఉక్కు తీగ వేస్తారు. మంద్ర, అనుమంద్రాలకు పూర్వం ఇత్తడి, కంచు తీగలు వేసేవారు. ఇప్పుడు ఉక్కు మీద రాగిలాంటి లోహం చుట్టిన తీగలు వచ్చాయి. ఆ చుట్టు సోకు కోసం కాదు. కింది స్థాయి పలకాలంటే తీగకు బరువు కావాలి. ఒంటి తీగనే లావు చేసుకుంటూ పోతే అది కడ్డీలా బిరుసెక్కి, స్వరం మొద్దుబారుతుంది. చుట్టు తీగలో బరువూ ఉంటుంది, వంపూ ఉంటుంది.

ఇక గేజి. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 28 గేజి ఉక్కు తీగ మందం 0.376 మిల్లీమీటర్లు, 30 గేజిది 0.315. చూపుకు ఆనని తేడా. కానీ అదే వీణ మీద, అదే శ్రుతికి 30 గేజి తీసి 28 వేశారంటే బిగువు 40 శాతానికి పైగా పెరుగుతుంది. వేలికి ఆ సంగతి మొదటి గమకంలోనే తెలుస్తుంది. ఉన్న మెట్టు మీదే తీగను పక్కకు లాగి రెండు మెట్ల పై స్వరం పలికించాలంటే బిగువు ఇంకో పావు వంతు పెరగాలి. లావు తీగయితే నాదం నిండుగా ఉంటుంది, వేలు కోసుకుపోతుంది. మరీ సన్నదైతే వేలికి సుఖం, చెవికి దరిద్రం. మీ శ్రుతికి, మీ వేలికి, మీ వీణ దండి పొడవుకు మధ్య రాజీ కుదిర్చేది ఆ గేజి ఒక్కటే.

ఈ రాజీ ఎంత దూరం తీసుకెళ్లవచ్చో ఈమని శంకరశాస్త్రి వీణ వింటే తెలుస్తుంది. ఒక్క మీటు మీటి, ఆ నాదం ఆరిపోయేలోగా ఎన్ని స్వరాలు పిండేవారో! ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు ఉక్కు తీగ మీద కోయిలనే కూయించారు. మద్రాసులో ఎస్. బాలచందర్ ఒకే మెట్టు మీద తీగ లాగి లాగి రాగం ముఖం చూపించేవారు. ఆయన్నీ తలుచుకుని నమస్కరిస్తాను గానీ, తీగలో తీపి మాత్రం మా ఆంధ్ర బాణీదే. తంజావూరు వాళ్లు కోపగించుకుంటే కోపగించుకోనీండి. 24 మెట్ల వీణకు ఈ రూపం తెచ్చింది కూడా, ఆ తంజావూరునే ఏలుతూ తెలుగులో కావ్యాలు రాసిన రఘునాథ నాయకుడి కాలంలోనే అంటారు.

తీగ మార్చి వాద్యం తలరాతనే మార్చినవాడు పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్. జంటలుగా ఉండే 8 తీగలను తీసేసి, ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు 5 ఒంటి తీగలు కట్టుకుని, గమకం పలకదన్న వాద్యంతో కచేరీలు గెలిచాడు.

మా ఊరు అంగళ్లులో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు గిటార్లు భుజాన వేసుకుని తిరుగుతుంటారు. వాళ్లను చూస్తే నాకు ముచ్చట, కాస్త అసూయ కూడా. ఫాస్ఫర్ బ్రాంజ్ వేయాలా, 80/20 బ్రాంజ్ వేయాలా అని వాదించుకుంటారు. లైట్ సెట్టులో మొదటి తీగ 12 అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. 12 అంటే అంగుళంలో వెయ్యింట 12 వంతులు, అంటే దాదాపు మన 30 గేజి. వీణ నేర్చుకునే పిల్లల్ని సారణి గేజి ఎంతని అడిగి చూడండి, అమ్మ వైపు చూస్తారు. 1919లో మార్గరెట్ కజిన్స్ జనగణమనకు బాణీ కుదిర్చిన మదనపల్లె పక్కనే ఉంది. గేజి అడిగి వీణ తీగ తూచి ఇచ్చే కొట్టు అక్కడ నాకైతే ఒక్కటీ తెలియదు. బెంగళూరు బస్సెక్కాల్సిందే.

ఎక్కినా దొరికేదేమిటి? అంకె లేని, పేరు లేని ప్లాస్టిక్ ప్యాకెట్టు. ఇత్తడి రంగు పూసిన తీగ ఇత్తడి కాదు. చుట్టు వదులైన మంద్రం నెల తిరక్కుండా జుర్రుమంటుంది. ఆ జుర్రు వినపడకుండా కాంటాక్ట్ మైకు తగిలించి, సౌండు పెంచి, "అబ్బ, ఏం నాదం!" అనిపించుకుంటున్నారు. పెళ్లి మండపాల్లో ఇంకా ఘోరం, కీబోర్డులో వీణ మీట నొక్కేసి సరస్వతీ పూజ కానిచ్చేస్తున్నారు! బొబ్బిలిలో ఒంటి దుంగ తొలిచి ఏకాండి వీణ చేసే ఆచార్లు ఆ ధ్వని వింటే ఏమైపోవాలి?

పాత తీగను కనిపెట్టడం కష్టం కాదు. తీగ అడుగున వేలు పెట్టి జరపండి, మెట్లు కొరికిన గంట్లు తగులుతాయి. పన్నెండో మెట్టు మీద పై షడ్జం పలికించి, ఉత్త తీగతో సరిచూడండి. మెట్ల మేళం సరిగా కట్టి ఉండీ అది కలవకపోతే తప్పు తీగదే. ఎడమచేతి వేళ్లకు కొబ్బరినూనె అద్దుకునే అలవాటు మంచిదే, కానీ అది చుట్టు తీగల సందుల్లోకి దిగితే మురికి పట్టి గొంతు పోతుంది. వాయించడం కాగానే పొడిగుడ్డతో తుడవండి.

సంగీతం నేర్పే అయ్యవార్లకు, అమ్మలకు దండం పెట్టి అడుగుతున్నాను: సరళీ వరసలతో పాటే పిల్లల చేత వాళ్ల తీగల గేజి ఒక కాగితం మీద రాయించండి. కొనేవారు ఆ కాగితం చేతపట్టుకుని కొట్టుకు వెళ్లండి. గేజి చెప్పలేని కొట్లో మాత్రం తీగ కొనకండి.