ముందు క్లాంపు, తర్వాతే గట్టరు

షెడ్డు వేయించేటప్పుడు రేకు మందం ఎంత, రంగు ఏది, గట్టరు ఏ గేజు అని నాలుగు చోట్ల వాకబు చేస్తాం. గట్టరును గోడకో, రేకును మోసే పర్లిన్‌కో పట్టి ఉంచే క్లాంపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నిర్ణయం పూర్తిగా ఫాబ్రికేటరుకు వదిలేస్తాం. కొటేషన్‌లో దానికి విడిగా ఒక వరస కూడా ఉండదు. ‘ఫిట్టింగుతో సహా’ అన్న మాటలో అదీ కలిసిపోతుంది. షాపులో మిగిలిన ఇనుప పట్టీ ముక్కల్ని వంచి, రెండు బెజ్జాలు వేసి, తోచినంత దూరంలో బిగించి వెళ్లిపోతారు. కొన్ని వానాకాలాలు గడిచాక గట్టరు నడుం జారుతుంది. నీరు పైపు దాకా పోకుండా మధ్యలోనే పొంగి గోడ మీద పడుతుంది. అప్పుడు గట్టరు నాసిరకమని తీర్మానిస్తాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గట్టరు ఎంతకాలం పనిచేస్తుందో తేల్చేది దాని రేకు కన్నా దాన్ని మోసే క్లాంపు. అందుకే ఇంటివాళ్లు ముందుగా అడగవలసింది, ఎక్కువగా పట్టించుకోవలసింది ఆ క్లాంపునే.

మొదట బరువు సంగతి చూద్దాం. 150 మిల్లీమీటర్ల వెడల్పున్న అర్ధవృత్తాకారపు గట్టరు నిండా పారితే మీటరుకు దాదాపు 9 లీటర్ల నీరు ఉంటుంది, అంటే 9 కిలోలు. పది మీటర్ల చూరు వెంట అది 90 కిలోలకు దగ్గర. అడుగున మన్ను పేరుకుంటే ఇంకా ఎక్కువ, తడిమన్ను నీటికన్నా బరువు కదా. పైగా ఈ బరువు క్లాంపును కిందికి లాగి ఊరుకోదు. గట్టరు మధ్యభాగం గోడకు సుమారు 9 సెంటీమీటర్ల ఎడంలో ఉంటుంది కాబట్టి క్లాంపు తలను గోడ నుంచి పెరికే ప్రయత్నం కూడా చేస్తుంది. మీటరుకొక క్లాంపు ఉండి, దాని రెండు స్క్రూల మధ్య 3 సెంటీమీటర్ల దూరమే ఉంటే పై స్క్రూ మీద పడే లాగుడు దాదాపు 27 కిలోలు. అవే స్క్రూలను 6 సెంటీమీటర్ల దూరంలో వేస్తే ఆ లాగుడు సగానికి దిగుతుంది. ఈ తేడాకు అయ్యే ఖర్చు మూడు సెంటీమీటర్ల ఇనుప పట్టీ. రేకు గేజు గురించి గంటసేపు బేరమాడే మనం క్లాంపు వీపు పొడవు గురించి ఒక్క ప్రశ్న వేయకపోవడం నాకు న్యాయంగా కనిపించదు.

రెండో సంగతి క్లాంపుల మధ్య దూరం. అసలు కీలకం ఇక్కడే ఉంది. రెండు ఆధారాల మధ్య పరుచుకున్న బరువు కింద ఏ దూలమైనా ఎంత వంగుతుందన్నది ఆ దూరానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇది ఇంజినీరింగు విద్యార్థులు మొదట్లోనే నేర్చుకునే సూత్రం. దూరం రెట్టింపైతే వంగుడు పదహారు రెట్లవుతుంది. దూరాన్ని సగం చేస్తే పదహారో వంతుకు పడిపోతుంది. రేకు మందాన్ని రెట్టింపు చేస్తే కలిగే లాభం ఇందులో చాలా చిన్నది, వంగుడు సుమారు సగం తగ్గుతుందంతే. రేకు మీద పెట్టే అదనపు డబ్బు కన్నా అదనపు క్లాంపు మీద పెట్టే డబ్బే ఎన్నో రెట్లు ఎక్కువ పనిచేస్తుందని దీన్నిబట్టి తేటతెల్లమవుతుంది. అమెరికాలో అల్యూమినియం గట్టర్లకు దాదాపు 60 సెంటీమీటర్లకొక హ్యాంగరు పెట్టడం మామూలు పద్ధతి. మంచు కురిసే ప్రాంతాల్లో ఇంకా దగ్గరగా పెడతారు. అక్కడ ఒకప్పుడు గట్టరు ముందు అంచు నుంచి పొడవాటి మేకును దూర్చి చెక్కలోకి దిగగొట్టేవారు. ఎండకు, తడికి చెక్క ఉబ్బి, ముడుచుకొని మేకు వదులయ్యేది. అందుకే గట్టరు లోపలే దాగి, స్క్రూతో చెక్కను పట్టుకునే హ్యాంగర్లు వాటి స్థానంలోకి వచ్చాయి. గట్టరు ఆకారం పెద్దగా మారలేదు, దాన్ని పట్టుకునే పద్ధతి మారింది. అక్కడ ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామంది తమ చూరు కింద రెండు రకాలనూ చూసే ఉంటారు.

వాటం విషయంలోనూ పెత్తనం క్లాంపుదే. పది మీటర్ల గట్టరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాటం చాలు. కంటికి సమంగానే కనిపిస్తుంది, నీరు మాత్రం ఆగకుండా పోతుంది. దీన్ని సరిగా చేసే పనివాడి తీరు గమనించదగ్గది. అతడు ముందు పైపుకు దూరంగా ఉన్న కొసన ఎత్తు క్లాంపును బిగిస్తాడు. తర్వాత పైపు పక్కన పల్లపు క్లాంపును బిగిస్తాడు. నీటి గొట్టంతోనో రసమట్టంతోనో రెండింటి ఎత్తుల తేడా సరిచూసుకుంటాడు. ఆ రెండింటి మధ్య దారం బిగించి కట్టి, మిగతా క్లాంపులన్నీ ఆ దారాన్ని తాకీ తాకనట్టు ఒక్కొక్కటిగా అమరుస్తాడు. గట్టరు ముందు అంచు గోడవైపు అంచుకన్నా కొద్దిగా పల్లంలో ఉండేలా చూస్తాడు. అప్పుడు కుంభవృష్టి కురిసి గట్టరు పొంగినా నీరు బయటికి పడుతుంది గానీ గోడకు తగలదు. దారం కట్టకుండా పర్లిన్‌నే ఆధారం చేసుకొని క్లాంపులు వేసేస్తే, పర్లిన్‌లో ఉన్న వంకర అంతా గట్టరులోకి దిగుతుంది. షెడ్డు చూరు పూర్తిగా సమంగా ఉండడం అరుదు. ఆ లోపాన్ని సరిదిద్దే అవకాశం ఒక్క క్లాంపు దగ్గరే ఉంది. బ్రిటన్‌లో పాత కట్టడాల బరువైన పోత ఇనుప గట్టర్లకు మరచుట్టు కడ్డీతో ఎత్తు పెంచుకునే, దించుకునే బ్రాకెట్లు వాడేది ఇందుకే. కట్టడం కొంత కుంగినా గట్టరు వాటాన్ని మళ్లీ సరిచేసుకోవచ్చు.

ఎండ కూడా గట్టరును కదిలిస్తుంది. చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మిట్టమధ్యాహ్నానికీ మధ్య గట్టరు వేడిలో 40 డిగ్రీల తేడా మన ప్రాంతంలో సాధారణం. అంత తేడాకు పది మీటర్ల జింకు పూత ఇనుప (జీఐ) గట్టరు 5 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. అదే పొడవున్న పీవీసీ గట్టరైతే రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు. క్లాంపు దాన్ని కదలకుండా బిగిస్తే ఆ సాగుడుకు చోటు లేక గట్టరు పాములా మెలికలు తిరుగుతుంది, అతుకుల దగ్గర విడిపోతుంది. అందుకే పీవీసీ గట్టరుకు క్లాంపు రెండు పనులు ఒకేసారి చేయాలి. బరువును గట్టిగా మోయాలి, పొడవునా జరగనివ్వాలి. గట్టరులోంచి నేరుగా గోడకు స్క్రూ కొట్టడం ఈ రెండో పనికి అడ్డుపడుతుంది. చూడడానికి దిట్టంగా ఉంటుంది గానీ ఒక్క వేసవి గడిచేసరికి బెజ్జం చీలి, ఉన్న పట్టు కూడా పోతుంది.

ఇక తుప్పు. జింకు పూత ఉన్న పట్టీ కొని, కోసి, వంచి, దానికే వెల్డింగు చేయడం మన షాపుల్లో మామూలు. జింకు 419 డిగ్రీలకు కరుగుతుంది, 907 డిగ్రీలకు ఆవిరవుతుంది. ఇనుము కరగడానికి 1500 డిగ్రీలకు పైగా వేడి కావాలి. కాబట్టి వెల్డింగు పడిన చోట జింకు మిగలదు. రెడ్ ఆక్సైడు పూసి దాచిన ఆ అతుకు దగ్గరే తుప్పు మొదలవుతుంది. బరువు ఎక్కువగా పడేది కూడా ఆ మూలమీదే. ముందు వెల్డింగు, బెజ్జాలు అన్నీ పూర్తిచేసి, ఆఖరున క్లాంపులను కరిగిన జింకులో ముంచి తీయించడం సరైన వరస. 275 గ్రేడు జీఐ రేకు మీద ఒక్కో వైపు పూత సుమారు 20 మైక్రాన్లు. తయారైన 5 మిల్లీమీటర్ల పట్టీని జింకులో ముంచితే పూత 85 మైక్రాన్ల దాకా వస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి ఈ తేడాయే ఏళ్ల తేడా. స్క్రూలకూ ఇదే మాట వర్తిస్తుంది. నల్లటి డ్రైవాల్ స్క్రూ ఆరుబయట వానలో నిలవదు. అల్యూమినియం గట్టరును పూతలేని ఇనుప క్లాంపుతో పట్టిస్తే తడి తగిలినప్పుడల్లా రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి ఒకటి దెబ్బతింటుంది.

తీరం మాటెత్తాం కాబట్టి గాలి సంగతీ చెప్పుకోవాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం కట్టడాల డిజైనుకు తీసుకోవలసిన ప్రాథమిక గాలివేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు. గాలి ఒత్తిడి వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి ఈ చిన్న తేడా ఒత్తిడిలో 29 శాతం దాకా అవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు రేకుల కప్పులు ఎలా లేచిపోయాయో ఉత్తరాంధ్ర మరచిపోలేదు. గాలివానలో గట్టరు నిండకముందే గాలి కింది నుంచి దాన్ని పైకి నెడుతుంది. కింద మాత్రమే ఆనించి, పైన మూయని క్లాంపు అప్పుడు ఎందుకూ కొరగాదు. ముందు అంచును పైనుంచి పట్టే పట్టీ ఉండి తీరాలి.

దీనికి కొన్ని అభ్యంతరాలు వస్తాయి. మన ఇళ్లు ఎక్కువగా స్లాబు ఇళ్లే, గట్టరు అవసరం ఎంతమందికి అంటారు. కానీ ఆ స్లాబుల మీద ఇప్పుడు లేస్తున్నది రేకుల షెడ్డే. గోడౌన్లు, కోళ్లఫారాలు, ఫంక్షన్ హాళ్లు, వాహనాల షెడ్లు, పెంకుటిళ్లు అన్నీ వాలు కప్పులే. పాతకాలంలో గట్టరు లేకుండానే చూరు నీళ్లు నేలమీద పడేవి కదా అని మరికొందరు అంటారు. ఆ పద్ధతిని నేను గౌరవిస్తాను. చూరు బాగా ముందుకు చాచి, అరుగు ఎత్తుగా కట్టి, చుట్టూ పెరడు వదిలినప్పుడు అది చక్కగా పనిచేసింది. ఇప్పుడు ప్రహరీకీ గోడకూ మధ్య మూడడుగులు కూడా ఉండని స్థలాల్లో చూరు నీరు పునాది మీదో, పక్కింటివారి గోడ మీదో పడుతుంది. గోడకు నీరు చేసే చేటు ఎంతటిదో పూర్వులకూ తెలుసు. 1240లో ఇంగ్లండు రాజు మూడో హెన్రీ లండన్ టవర్‌లోని పెద్ద బురుజుకు కొత్తగా వేసిన తెల్లసున్నం వాననీటికి చెడకుండా సీసపు గొట్టాలను నేలదాకా దించమని ఆదేశించాడు. వాననీటిని గోడకు తగలనివ్వకపోవడం అంత పాత విద్య.

గట్టి అభ్యంతరం ఒకటుంది. గట్టర్లు చెడేది ఆకులూ చెత్తా తీయకపోవడం వల్ల, క్లాంపుల వల్ల కాదు అని పనివాళ్లే చెబుతారు. ఇందులో నిజం ఉంది. శుభ్రం చేయని గట్టరును ఏ క్లాంపూ ఎల్లకాలం కాపాడలేదు. అయితే చెత్త ఎక్కడ ఆగుతుందో ఆలోచించాలి. వాటం సరిగా ఉన్న గట్టరులో సన్నటి మన్ను నీటితో కొట్టుకుపోతుంది. రెండు క్లాంపుల మధ్య కడుపు దిగిన చోటే నీరు నిలుస్తుంది, నిలిచిన నీటిలో మన్ను దిగుతుంది, ఆ బరువుకు కడుపు ఇంకా దిగుతుంది. ఒక క్లాంపు ఊడిందంటే దాని పొరుగు క్లాంపులు రెండూ ఒకటిన్నర రెట్లు మోయాలి. త్వరలో అవీ వదులవుతాయి. శుభ్రం చేయడానికి నిచ్చెన ఆనించేది కూడా చాలాచోట్ల గట్టరుకే. అది తట్టుకునేది క్లాంపులు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే. కాబట్టి చెత్త తీయడం, క్లాంపు సరిచూడడం ఒకే పనిలో రెండు భాగాలు.

ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరానికి లెక్కే సమాధానం. పది మీటర్ల గట్టరుకు మీటరుకొకటి చొప్పున 11 క్లాంపులు కావాలి. 60 సెంటీమీటర్లకొకటి చొప్పున 18. తేడా ఏడు క్లాంపులు. ఈ ఏడింటితో గట్టరు వంగుడు ఏడో వంతుకన్నా తక్కువకు దిగుతుంది. చెమ్మ ఎక్కిన గోడను గీకి, ప్లాస్టరు చేసి, రంగు వేయించే ఖర్చుతో పోలిస్తే ఈ ఏడు క్లాంపులు లెక్కలోకే రావు.

ఇది ఒక్క ఇంటి గోడకు సంబంధించిన విషయం కూడా కాదు. నీరు, నేల, చెట్ల పరిరక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం మొదలు ఇంకుడు గుంతల గురించి ప్రభుత్వాలూ పత్రికలూ చెబుతూనే ఉన్నాయి. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే అది 80 వేల లీటర్లు. ఆ నీరు గుంత చేరాలంటే ముందు చూరు నుంచి పైపు దాకా పారాలి. నడుం జారిన గట్టరు దాన్ని దారిలోనే పారబోస్తుంది, కొంత తనలోనే నిలవబెడుతుంది. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి వారం పది రోజులు చాలు. మేడమీది గట్టరులో నిలిచిన నీటిని ఎవరూ ఎక్కి చూడరు. గుంత తవ్వారా అని అడిగే అధికారులు గట్టరు వాటం చూశారా అని కూడా అడిగితే బాగుంటుంది.

ఈసారి షెడ్డుకో పెంకుటింటికో గట్టరు వేయించేవారికి నా విన్నపం. కొటేషన్‌లో క్లాంపులకు విడిగా ఒక వరస రాయించండి. ఎంత దూరానికొకటి, ఎంత మందం పట్టీ, వెల్డింగు తర్వాత జింకులో ముంచినదేనా, ఏ రకం స్క్రూ అన్న నాలుగు వివరాలు అందులో ఉండాలి. బిగించే రోజున దారం కట్టించండి. పని అయ్యాక ఎత్తు కొసన ఒక బిందెడు నీళ్లు పోసి, పైపు దాకా ఆగకుండా పోతున్నాయో లేదో చూశాకే డబ్బు లెక్క తేల్చండి. ఇప్పటికే గట్టరు ఉన్నవారు మృగశిర కార్తె రాకముందే ఒకసారి నిచ్చెన వేసి ప్రతి క్లాంపునూ చేత్తో కదిపి చూడండి. కదిలిన క్లాంపును ఆ రోజే బిగించుకోవడం స్క్రూ డ్రైవరుతో పోయే పని. వానలు మొదలయ్యాక అదే పని గోడ మరమ్మతు అవుతుంది.