తూటాల బెల్టు: కొలత తీసిన చెయ్యి

కౌబాయ్ సినిమా మీద మనవాళ్ళు రాసింది తక్కువేం కాదు. 1971లో కృష్ణ హీరోగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. అప్పటినుంచి దాని గురించి మాట్లాడేవాళ్ళు రాజస్థాన్ ఇసుకనీ, ఆరుద్ర మాటల్నీ, సెర్జియో లియోని సినిమాల ప్రభావాన్నీ పట్టుకుని మాట్లాడుతున్నారు. 2023 మే నెలాఖరున దాన్ని మళ్ళీ విడుదల చేసినప్పుడూ అవే మాటలు. గుర్రం గురించి రాశారు, టోపీ గురించి రాశారు, తుపాకీ పట్టిన తీరు గురించి రాశారు. ఆ తుపాకీ వేలాడేది దేనికి? నడుముకి చుట్టిన తోలుకి. దాన్ని మాత్రం 'డ్రెస్సు' అనే మాటలో కలిపేసి వదిలేశారు. తోలు మాట వచ్చేసరికి మన విమర్శకి ముక్కు మూసుకునే అలవాటొకటి వుంది.

వస్తువేంటో తెలియకుండా దానిమీద సిద్ధాంతం చెప్పడం యూనివర్సిటీలో కావలసినంత చూశాను. అందుకని ముందు వస్తువు దగ్గరికే పోదాం.

తుపాకీ బెల్టు ప్యాంటు జారకుండా పెట్టుకునే బెల్టులాంటిది కాదు. అమెరికా పడమటి సినిమాల్లో కనపడే కోల్ట్ రివాల్వరు కిలో పైన తూగుతుంది. నలభై తూటాలు గుచ్చితే అవి మరో కిలో దగ్గరికొస్తాయి. తుపాకీ బరువంతా వొక పక్కకే లాగుతుంది. అది సాగకూడదు, మెలితిరగకూడదు, నడుముని కొయ్యకూడదు. పశువు తోలంతా ఇందుకు పనికిరాదు. పొట్ట దగ్గరి తోలు సాగుతుంది, మెడ దగ్గర ముడతలుంటాయి. వెన్నుకి అటూ ఇటూ వున్న గట్టి భాగంలోంచి, వెన్ను వెంబడే పొడుగ్గా పట్టీ కొయ్యాలి. అదీ చెట్టు బెరడుతో పదును చేసిన తోలై వుండాలి. అక్కడి పనివాళ్ళు మందాన్ని ఔన్సుల్లో చెప్పుకుంటారు. వొక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు. ఎనిమిది తొమ్మిది ఔన్సుల తోలంటే మూడు మిల్లీమీటర్ల పైమాట. అలాంటి పొరలు రెండు అతికించి, అంచు వెంబడి ఆరెతో బెజ్జం పొడిచి, మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు వేస్తారు. వొకే బెజ్జంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరతాయి. వొక దారం తెగినా రెండోది పట్టుకుని వుంటుంది. మిషను కుట్టు అట్లా కాదు, వొకచోట తెగితే వరసగా వూడొస్తుంది.

ఇక కొలత. ఇక్కడే అసలు విద్య వుంది. ప్యాంటు మీది నంబరు నమ్మి తోలు కోసినవాడు తోలు పాడుచేసుకుంటాడు. 34 అని రాసుంటే నడుము 34 వుంటుందని లేదు. పైగా బెల్టు గుడ్డల మీద కూచుంటుంది, దాని మందం అది తింటుంది. నంబరుకి రెండంగుళాలు కలుపుకోమని చెప్పేది వొక మోటు లెక్క. నమ్మకమైన లెక్క ఆ మనిషి రోజూ కట్టుకునే పాత బెల్టులో దొరుకుతుంది. బకిల్ దగ్గర తోలు మడతపడ్డ చోటునుంచి, వాడివాడి సాగిన బెజ్జందాకా కొలవాలి. బెజ్జాలు బేసి సంఖ్యలో వేస్తారు, ఐదో ఏడో, అంగుళానికొకటి. తీసిన కొలత నడిమి బెజ్జానికి రావాలి. మనిషి చిక్కినా లావెక్కినా రెండువైపులా చోటుండాలి గదా. తూటాల బెల్టు తుంటిమీదకి జారి కూచునేదైతే నడుము కొలిచి లాభం లేదు, అది కూచునేచోటే టేపు చుట్టాలి. తుంటి కిందికి పోనుపోను వెడల్పవుతుంది. తిన్నగా కోసిన పట్టీ పై అంచు వదులుగా, కింది అంచు బిగుతుగా వుంటుంది. అందుకే కొందరు పట్టీని కాస్త వంపుగా కోస్తారు.

ఇంకో చిక్కుంది. రెండు పొరల్నీ బల్లమీద చదునుగా అతికించి, ఆరాక నడుముకి చుడితే లోపలి పొర ముడతలు పడుతుంది. బయటి పొర తిరిగే చుట్టు పెద్దది కాబట్టి. మొత్తం మందం ఆరు మిల్లీమీటర్లయితే లోపలి ముఖానికీ బయటి ముఖానికీ చుట్టులో దాదాపు 38 మిల్లీమీటర్లు, అంటే వొకటిన్నర అంగుళం తేడా. ఇంజనీరింగు పిల్లవాడు దీన్ని 'పై' పెట్టి బోర్డుమీద రాస్తాడు. పనివాడు బయటి పొర కాస్త పొడుగు వదిలి, వంపులో పెట్టే అతికించి, చివర్లు తర్వాత కోస్తాడు. తూటాల గూళ్ళకీ ఇదే పద్ధతి. సన్నటి తోలుపట్టీని బెల్టుకి పెట్టిన చీలికల్లోంచి లోపలికీ బయటికీ అల్లి, తడిపి, తూటా మందం కర్రముక్కలు దూర్చి ఆరబెడితే గూడు ఆ కొలతకే గట్టిపడుతుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కొలత అంటే ముట్టుకోవడం. అమెరికాలో జీన్లు కుట్టేవాడు షరీఫు నడుము చుట్టూ చేతులు పోనిచ్చి టేపు వేస్తాడు. ఆ చేతులు చచ్చిన పశువు తోలు పట్టిన చేతులే. మా తాత ఊళ్ళో ఆసాములకి చెప్పులు కుట్టాడు, మోటకి తొండం కుట్టాడు, ఎద్దులకి వారులు కోశాడు. ఎద్దు మెడ చుట్టూ తాడు వేసి కొలిచాడు. ఆసామి కాలు మాత్రం ముట్టుకున్నది లేదు. అరిగిన పాత చెప్పు వాకిట్లోకి విసిరేవాళ్ళు, లేదంటే మట్టిలో అడుగు వేసి చూపించేవాళ్ళు. ఆ అడుగుని పుల్లతో కొలుచుకుని వచ్చేవాడు. చెప్పు బిగుతైతే తిట్లు, వదులైతే తిట్లు. పాత వస్తువునుంచి కొలత తీసే పద్ధతి అక్కడా వుంది, ఇక్కడా వుంది. అక్కడ అది మంచి కొలత దొరుకుతుందని ఎంచుకున్న పద్ధతి. ఇక్కడ ముట్టుకోనివ్వక మిగిల్చిన పద్ధతి. మనవాళ్ళ నైపుణ్యం గురించి గొప్పగా రాసేవాళ్ళు ఈ సంగతి వదిలేస్తారు. మట్టిలోని అడుగు చూసి కాలి ఎత్తు ఊహించడం గొప్ప తెలివే, కాదనను. ఆ తెలివి ఎందుకు అవసరమైందో చెప్పకుండా పొగిడితే అది అంటరానితనాన్ని పొగిడినట్టే.

రెండోది పేరు. షయెన్‌లో ఫ్రాంక్ మియానియా, డెన్వర్‌లో హైజర్, ఎల్‌పాసోలో మైరెస్. వీళ్ళు జీన్లు, ఒరలు, బెల్టులు చేసి అమ్మినవాళ్ళు. తోలుమీద తమ పేరూ ఊరూ అచ్చు గుద్దేవాళ్ళు. ఆ ముద్ర వుంటే ఇవాళ పాత వస్తువులు సేకరించేవాళ్ళు ఎగబడి కొంటారు. 1993లో రిచర్డ్ రాటెన్‌బరీ 'ప్యాకింగ్ ఐరన్' అని ఈ తోలుసామాను మీదే వొక పెద్ద పుస్తకం వేశాడు. హాలీవుడ్‌లో ఆర్వో ఓజాలా అనే అతను ఒరలో ఉక్కురేకు పెట్టి, తుపాకీ చటుక్కున దూసేట్టు చేసి, 1958లో పేటెంటు తీసుకున్నాడు. నటులకి తుపాకీ దూయడం నేర్పిందీ అతనే. 'గన్‌స్మోక్' టీవీ సీరియల్ మొదట్లో హీరోకి ఎదురుగా నిలబడి తుపాకీ దూసేది కూడా అతనే. ఒర చేసినవాడు వారం వారం హీరో చేతిలో చస్తూ వుండేవాడన్నమాట. అయినా పేరుంది, పేటెంటుంది, డబ్బుంది.

దీన్నిబట్టి అమెరికా తోలుకి న్యాయం చేసిందని నేననడం లేదు. ముద్రలో వుండేది దుకాణం యజమాని పేరు. వెనకగదిలో కుట్టిన జీతగాళ్ళ పేర్లు అక్కడా లేవు. ఆ బెల్టు చుట్టుకున్న నడుములు ఆదివాసుల నేలని ఆక్రమించిన నడుములు. గుర్రమెక్కి పశువుల్ని కాసే విద్య అంతా మెక్సికో కాపరులది, తెల్ల హీరోలు దాన్ని తమ పేర రాసుకున్నారు. తేడా వొక్కటే. అక్కడ తోలు ముట్టడం మనిషి పుట్టుకకి మచ్చ కాలేదు, అందువల్ల పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేకపోయింది. మన దగ్గర తోలు పనివాడి కులం పేరే తిట్టు. తిట్టుని బెల్టుమీద ముద్ర ఎవడు వేసుకుంటాడు?

మన దేశంలో తుపాకీ బెల్టుకి సినిమాకంటే ముందు వొక చరిత్ర వుంది. అది కాన్పూరులో వుంది. 1857 తిరుగుబాటు అణిచాక తెల్లవాళ్ళు అక్కడ సైన్యం కోసం జీన్లు, తోలుసామాను చేసే ప్రభుత్వ కర్మాగారం పెట్టారు. చుట్టుపక్కల తుమ్మచెక్క దొరుకుతుంది, తోళ్ళు దొరుకుతాయి, తరతరాలుగా ఆ పని తెలిసిన చమార్లు దొరుకుతారు. 1880లలో కూపర్ అలెన్ లాంటి ప్రయివేటు కంపెనీలూ వచ్చాయి. బూట్లు, బెల్టులు, తూటాల సంచులు అక్కడినుంచి సైన్యానికి పోయాయి. సైన్యం బెల్టుకి మనిషి వుండడు, సైజు మాత్రమే వుంటుంది. కుట్టినవాడు కట్టుకునేవాణ్ణి చూడనే చూడడు. ముట్టుకునే గొడవ ఆ విధంగా లేకుండా పోయింది. కూలి డబ్బు చేతికొచ్చింది, దాంతోపాటు పట్నం వచ్చింది. 1920లలో స్వామి అచ్యుతానంద ఆది హిందూ ఉద్యమానికి కాన్పూరు కేంద్రమైంది ఊరికే కాదు.

కుట్టినవాడికి కట్టుకునే హక్కు మాత్రం రాలేదు. 1890లనాటికి తెల్లవాళ్ళు 'యుద్ధజాతుల' సిద్ధాంతం పట్టుకుని, అంతకుముందు సైన్యంలో వున్న మహార్లనే బయటికి తోశారు. చమార్ల మాట చెప్పక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధంలో మనుషులు చాలక 1943లో చమార్ రెజిమెంటు పెట్టారు. వాళ్ళు బర్మా యుద్ధరంగంలో జపాన్ సైన్యంతో పోరాడారు. 1946లో ఆ రెజిమెంటు రద్దయింది. తరతరాలు బెల్టు కుట్టిన కులం తన పేరుతో దాన్ని నడుముకి కట్టుకున్నది మూడేళ్ళు, మహా అయితే నాలుగేళ్ళు. ఆ రెజిమెంటుని మళ్ళీ పెట్టాలనే డిమాండు తర్వాత కూడా లేస్తూనే వుంది. కాన్పూరు కర్మాగారాన్ని 2021 అక్టోబరులో ట్రూప్ కంఫర్ట్స్ లిమిటెడ్ అనే కంపెనీలో కలిపేశారు.

మన దళిత సాహిత్య విమర్శకి కూడా వొక ప్రశ్న వేయాలి. తోలు అనగానే మనం డప్పు దగ్గరికీ చెప్పు దగ్గరికీ పోతున్నాం. అవి మనవి, మంచిదే. మరి జీను, వారు, బెల్టు, తూటాసంచి? రాజ్యానికీ సైన్యానికీ పోయిన వస్తువుల గురించి ఎందుకింత తక్కువ రాశాం? ఊరిని అడిగినంత గట్టిగా రాజ్యాన్ని అడగలేదు గనక. సినిమా టైటిల్సులో దుస్తులకి పేరుంటుంది, మేకప్పుకి పేరుంటుంది, ఫైట్లకి పేరుంటుంది. తోలుపని అని వొక పేరు తెలుగు తెరమీద నేనింతవరకూ చూళ్ళేదు. కౌబాయ్ బొమ్మ మీద థీసిస్ రాసే విద్యార్థి ఎవరైనా వుంటే, లియోని దగ్గరికి పోయేముందు ఆ కాలపు మద్రాసు స్టూడియోల కాస్ట్యూమ్ గదులకి సామాను సప్లయి చేసిన దుకాణాలెవరివో, వాటి వెనక కూచుని కుట్టిన చేతులెవరివో వెతకాలి. కుట్టినవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలుంటే ఇప్పుడే వెతకాలి, వాళ్ళ వయసు డెబ్బై దాటి వుంటుంది.