మందుల చీటీకీ పింఛను కాగితానికీ మధ్య

ఒకే వీధిలో రెండు దేశాల సైనిక పింఛన్లు అందుకునే ఇళ్లున్న ఊరు మన దేశంలో పుదుచ్చేరి కాక ఇంకొకటి చెప్పడం కష్టం. ఉప్పళం నుంచి బీచ్ రోడ్డు దాకా నడిచేవాళ్లకు ఆ చరిత్ర దారిలోనే తగులుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు తరఫున పోరాడి చనిపోయిన ఇక్కడివాళ్లకు సముద్రం ఒడ్డున స్మారకం కట్టారు. ఏటా జులై 14న దాన్ని దీపాలతో అలంకరిస్తారు. 1962 ఆగస్టులో విలీన ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వంలో ఉండిపోయిన కుటుంబాల్లో ఇండోచైనా, అల్జీరియా యుద్ధాలు చూసి వచ్చిన సిపాయిలున్నారు. వాళ్లు కలుసుకోవడానికి ‘ఫోయే ద్యు సోల్దా’ ఉంది. ఇక మన సైన్యంలో చేసి వచ్చినవాళ్లకు సైనిక సంక్షేమ శాఖ ఉంది, 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కింద పాలీక్లినిక్ ఉంది, కొద్ది దూరంలో జిప్మర్ ఆసుపత్రి ఉంది. 1987లో జాఫ్నాలో దిగిన శాంతిసేన జవాను ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నవాడు, 1999 కార్గిల్ కుర్రవాడికి నడివయసు వచ్చేసింది. వాళ్లకు పింఛను వస్తోంది, మందులూ వస్తున్నాయి. ఆ ఇంట్లో రాత్రిళ్లు ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు పోవడం లేదో కనుక్కోవడం మాత్రం ఏ ఉద్యోగి విధుల్లోనూ రాసిలేదు. ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌ల నియామక ప్రకటనలు చూడండి. మెడికల్ ఆఫీసరు, దంతవైద్యుడు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియను, ఫిజియోథెరపిస్టు, గుమస్తా, డ్రైవరు, చౌకీదారు కనిపిస్తారు. సోషల్ వర్కర్ కనిపించరు. ఈ లోటు చిన్నదేమీ కాదనీ, దీన్ని పూడ్చకుండా మాజీ సైనికుల ఆరోగ్యం గురించి ఎంత ఖర్చు చేసినా సగం వృథా అవుతుందనీ నా వాదన.

మన చట్టంలో ఈ వృత్తికి చోటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎవరో నిర్వచించింది. సోషల్ వర్క్‌లో పీజీ, ఆపైన రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్, అందులో సీనియర్ల పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉండాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో దశాబ్దాలుగా ఇలాంటివాళ్లను తయారుచేస్తున్నారు. సైకియాట్రిస్టు జబ్బు పేరు తేల్చి మందు రాస్తారు, క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు చేసి థెరపీ ఇస్తారు. సోషల్ వర్కర్ కూడా కౌన్సెలింగ్ చేస్తుంది, కానీ ఆమె ముందు ఉన్నది ఒక్క మనిషి కాదు, ఒక ఇల్లు. మొదటి రోజు ఆమె రాసుకునే సామాజిక చరిత్ర చూస్తే తేడా తెలుస్తుంది. ఆయన సర్వీసులో ఉన్న పదిహేను, పదిహేడేళ్లూ ఇంటి లెక్కలు ఎవరు చూశారు? రిటైరై వచ్చాక ఆ పెత్తనం ఎవరి చేతికి వచ్చింది, దాని మీద గొడవలున్నాయా? ఎదిగిన కొడుకు తండ్రితో నేరుగా మాట్లాడతాడా, తల్లి ద్వారా కబురు పెడతాడా? తాగుడు సర్వీసులో ఉండగా మొదలైందా, ఇంటికొచ్చాకనా? క్యాంటీన్ కార్డు మీద నెలనెలా వచ్చే సీసాలు ఏమవుతున్నాయి? బ్యాంకు గార్డుగా చేస్తుంటే లైసెన్సు తుపాకీ ఇంట్లో ఎక్కడ పెడతాడు, ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఈ చివరి ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం. చావు ఆలోచనల గురించి నేరుగా అడిగినంత మాత్రాన అవి పుట్టవని, పెరగవని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా ఎలా అడగాలో, జవాబు ‘ఔను’ అని వస్తే ఆ తర్వాతి పది నిమిషాల్లో ఏం చేయాలో శిక్షణ లేకుండా రాదు.

ఆమె పనిలో ఇంకో సగం కాగితాలు. సైనికుడి పెళ్లి, పిల్లల పుట్టుక ‘పార్ట్ టూ ఆర్డర్’గా రికార్డు ఆఫీసులో నమోదు కావాలి. మన తెలుగు ఇళ్లలో జరిగేదేమిటంటే, డిశ్చార్జి బుక్కులో భార్య పేరు లక్ష్మి అని ఉంటుంది, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరుతో వెంకటలక్ష్మి అని, బ్యాంకు పుస్తకంలో లక్ష్మమ్మ అని. ఆయన బతికున్నన్నాళ్లూ అది ఎవరికీ పట్టదు. ఆయన పోయాక ఫ్యామిలీ పింఛను ఆ మూడు పేర్ల మధ్య ఇరుక్కుంటుంది. ఆ భార్య నెలల తరబడి అఫిడవిట్లు పట్టుకుని తిరుగుతుంది. పింఛన్ల వ్యవస్థ ‘స్పర్శ్’కి మారుతున్నప్పుడు, ఏటా ఇచ్చే గుర్తింపు ధ్రువీకరణ అందలేదన్న కారణంతో 2022 ఏప్రిల్ పింఛను 58 వేల మందికి పైగా మాజీ సైనికుల ఖాతాల్లో సమయానికి పడలేదు. రక్షణ శాఖ కొద్ది రోజుల్లోనే సర్దింది, అది నిజం. కానీ పింఛను తప్ప వేరే ఆధారం లేని, అప్పటికే రాత్రిళ్లు నిద్రపట్టని మనిషికి ఆ కొద్ది రోజులు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి. ‘ఇదంతా గుమస్తా పని, దీనికి ఎంఫిల్ ఎందుకు’ అని అడగవచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను. మానసిక జబ్బుతో సర్వీసు నుంచి పంపేసిన జవానుకు వైకల్య పింఛను రావాలంటే జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, దానివల్ల ముదిరిందా అన్నది తేలాలి. సైన్యంలో చేరేటప్పుడు రికార్డులో జబ్బు నమోదై లేకపోతే అనుమానం సైనికుడికే అనుకూలంగా ఉండాలని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. అలాంటి వివాదంలో మొదటి లక్షణం ఎప్పుడు, ఏ పోస్టింగులో కనిపించిందన్నది ముఖ్యం. అది ఫైలులో దొరకకపోవచ్చు, భార్యకు గుర్తుంటుంది. ‘ఫలానా సెలవుకి వచ్చినప్పుడే మనిషి మారిపోయాడండీ’ అని ఆమె అన్న మాటను తేదీలతో సహా పద్ధతిగా రాసిపెట్టగలిగేది ఆ ఇంటి గుమ్మం ఎక్కినవాళ్లే. అక్కడ కాగితం పనీ వైద్యం పనీ ఒకటైపోతాయి.

ఈ వృత్తి ఎదిగిందే సైనికుల వల్ల. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగుల మోతకు మనసు చెదిరి వచ్చిన సైనికుల కోసమే అమెరికాలో స్మిత్ కాలేజీ 1918లో సైకియాట్రిక్ సోషల్ వర్క్ శిక్షణ మొదలుపెట్టింది. అక్కడి మాజీ సైనికుల సంస్థ 1926 జూన్‌లో సోషల్ వర్క్ విభాగాన్ని ఏర్పాటుచేసింది. మూడు డజన్ల మందితో మొదలైన ఆ విభాగంలో ఇప్పుడు ఇరవై వేల మందిదాకా ఉన్నారు. ఫలితం ఏమిటని అడిగితే ఇళ్లు లేని మాజీ సైనికుల లెక్క ఒకటి చూపించవచ్చు. 2010లో అమెరికాలో ఒక రాత్రి లెక్కిస్తే 74 వేలకు పైగా ఉన్నారు, 2024లో సుమారు 33 వేలు. ఈ మధ్యకాలంలో బాగా విస్తరించిన పథకంలో ప్రభుత్వం అద్దె కట్టడంతో సరిపెట్టలేదు, అద్దె సాయంతోపాటు ప్రతి మనిషికీ ఒక కేస్ మేనేజర్‌ని జతచేసింది. తగ్గుదల మొత్తం సోషల్ వర్కర్ల ఘనతేనని నేననను, డబ్బు లేకుండా ఇల్లు రాదు. కానీ తాళంచెవి చేతికిచ్చాక ఆ ఇంట్లో ఆ మనిషి నిలబడటానికి ఇంకొకరు కావాలని ఆ పథకం గుర్తించింది.

నాకు ఇంకా బలంగా తోచే ఆధారం వేరే ఉంది. జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, తనూ రెండో ప్రపంచయుద్ధంలో సైనికుడిగా చేసినవాడే, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రయోగం చేశాడు. నిరాశతోనో ఆత్మహత్యాయత్నంతోనో ఆసుపత్రిలో చేరి, ఇంటికెళ్లాక చికిత్స కొనసాగించని 843 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఐదేళ్లపాటు అప్పుడప్పుడూ చిన్న చిన్న ఉత్తరాలు రాయించాడు. రమ్మని అడగలేదు, మందులు వేసుకున్నారా అని నిలదీయలేదు, ఎలా ఉన్నారో తెలుసుకోవాలని ఉందని మాత్రమే రాశారు. మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందినవాళ్లలో ఆత్మహత్యలు స్పష్టంగా తక్కువని 2001లో ఆ ఫలితం ప్రచురించారు. తర్వాత వేరేచోట్ల జరిగిన ప్రయోగాలన్నిటిలో ఫలితాలు ఇంత బాగా రాలేదు, ఆ మాటా చెప్పాలి. అయినా మన ఏర్పాట్లతో పోల్చి చూడండి. 2022 అక్టోబరులో టెలి మానస్ అనే మానసిక సహాయ ఫోన్ లైను వచ్చింది, 14416కి తెలుగులో కూడా మాట్లాడవచ్చు. 2023 డిసెంబరులో సైనికుల కోసం పుణె సైనిక వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం పెట్టారు. రెండూ మంచి పనులే. కాకపోతే ఆ ఫోను చేయాల్సింది బాధలో ఉన్న మనిషే. తనంతట తాను సాయం అడగకూడదని ఇరవయ్యేళ్ల వయసు నుంచీ నేర్చుకున్నవాడు చేయడు. మోటో తానే ముందుగా పలకరించాడు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది, సైనికుణ్ణి మానసిక రోగిగా చూడటం అతన్ని అవమానించడమే అన్నది. గౌరవంతో పుట్టిన మాట కాబట్టి దాన్ని తోసిపుచ్చలేం. మాజీ సైనికుల్లో ఎక్కువమంది నిబ్బరంగా, క్రమశిక్షణతో బతుకుతున్నారు, పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం లాంటి ఊళ్లకు ఆ పేరు ఊరికే రాలేదు. అయితే సర్వీసులో ఉన్నవాళ్ల ఆత్మహత్యల గురించి పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడల్లా రక్షణ శాఖ చెప్పే కారణాలేమిటి? కుటుంబ సమస్యలు, దాంపత్య కలహాలు, అప్పులు, ఒత్తిడి. యుద్ధభూమిలో ధైర్యం పొలం తగాదాకు పనికిరాదు. ఈ కారణాల్లో చాలావాటికి రోగం ముద్ర కూడా అక్కర్లేదు, ఇంటికొచ్చి నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడగలవాళ్లు కావాలి. ‘ఆ పని మన చుట్టాలూ, ఊరి పెద్దలూ చేయరా?’ అంటారు. చేస్తారు, చాలాసార్లు మనకు దిక్కు వాళ్లే. కానీ బావమరిదికి చెప్పిన మాట రేపు పెళ్లిపందిట్లో పదిమందికీ తెలుస్తుంది. బ్యాంకు గార్డు ఉద్యోగం పోతుందనీ, కూతురి సంబంధం చెడుతుందనీ నోరు మూసుకున్నవాడికి, 2017 చట్టం 23వ సెక్షను గోప్యతను హక్కుగా ఇచ్చిందని చెప్పి, దానికి కట్టుబడి ఉండే బయటి మనిషి కావాలి. ఆ హక్కుకూ హద్దుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు సోషల్ వర్కర్ ఊరుకోకూడదు, ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. సైనిక సంక్షేమ కార్యాలయాల్లో మాజీ సైనికులే సంక్షేమ ఆర్గనైజర్లుగా ఉంటున్నారు కదా అన్నది ఇంకో మాట. వాళ్లను తీసేయమని ఎవరూ అనడం లేదు. ‘ఏ యూనిట్, సాబ్?’ అని ఒక్క మాటతో తలుపు తీయించగలిగేది వాళ్లే. తలుపు తీశాక లోపల కనిపించినదానికి ఏం చేయాలో తెలిసినవాళ్లు వాళ్ల పక్కన ఉండాలి. ఇక డబ్బంటారా, దేశం మొత్తం మీద పాలీక్లినిక్‌లు 400 పైచిలుకే. ఒక్కోచోట ఒక్క పోస్టు పెట్టలేనంత పేదవి కావు మన రక్షణ బడ్జెట్లు.

పుదుచ్చేరి దీనికి అనువైన చోటు, కష్టమైన చోటు కూడా. ఇక్కడ పనిచేసే మనిషికి తమిళం, తెలుగు రెండూ రావాలి, ఫ్రెంచి పింఛనుదారుల ఇళ్లకు వెళ్తే కొంచెం ఫ్రెంచీ రావాలి. మద్యం పొరుగు రాష్ట్రాలకన్నా చవకగా దొరికే ఊరు కాబట్టి తాగుడు మాన్పించే చికిత్స ఆమెకు బాగా తెలిసుండాలి. యానాం ఇదే పాలనలోది, కానీ సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం. అక్కడి మాజీ సైనికుడి భార్యను పేరు దిద్దుకోవడానికి రైలెక్కి రమ్మనడం న్యాయం కాదు. ఆరునెలలకోసారైనా సోషల్ వర్కరే వెళ్లి పది రోజులుండి, ఇల్లిల్లూ తిరిగి రావాలి.

ఆ పోస్టు ఎక్కడ పెట్టాలన్నది తేల్చడానికి ఎక్కువ వ్యవధి లేదు. అగ్నిపథ్ నియామక పథకం కింద 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన తొలి అగ్నివీరుల నాలుగేళ్లు 2026 చివరి నుంచి నిండుతాయి. వాళ్లలో గరిష్ఠంగా 25 శాతం మందినే ఉంచుకుంటారు. మిగిలినవాళ్లు, చాలామంది పాతికేళ్లయినా నిండకుండానే, సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇళ్లకు వస్తారు. పింఛను ఉండదు, పథకం ప్రకారం మాజీ సైనికుల హోదా గానీ ఈసీహెచ్ఎస్ కార్డు గానీ ఉండవు. అంటే పాలీక్లినిక్‌లో సోషల్ వర్కర్‌ని కూర్చోబెట్టినా ఆ కుర్రవాడికి ఆమె గది తలుపు తెరుచుకోదు. అందుకని తొలి పోస్టు పుదుచ్చేరి సైనిక సంక్షేమ శాఖలో ఉండాలని, పాలీక్లినిక్‌కూ జిప్మర్ సైకియాట్రీ విభాగానికీ రోగుల్ని పంపే, అక్కడి నుంచి తీసుకునే అధికారం దానికి ఉండాలని నా అభిప్రాయం. ఆ పోస్టు విధుల్లో మొదటి వాక్యం ‘మాజీ సైనికులకు’ అని కాక ‘యూనిఫాం వేసుకుని పనిచేసి వచ్చిన ఎవరికైనా, వాళ్ల ఇంట్లోవాళ్లకైనా’ అని రాయాలి. ఎన్నేళ్లు చేశారు, పింఛను వస్తుందా అన్న ప్రశ్నలు ఆ పత్రంలో ఎక్కడా ఉండకూడదు.