కాటాకు అందని వెలుగు

గోదావరిఖనిలో ఇంటర్ చదివే ఒక కుర్రాడి నోట్సు ఈ వారం ఈ కాలమ్‌కు చేరింది. ఒక పేజీలో వెలుగు కణం గురించి ‘ఫోటాన్ ద్రవ్యరాశి సున్నా’ అని ఉంది. రెండు పేజీలు తిప్పితే, శక్తిని కాంతివేగం వర్గంతో భాగిస్తే ఫోటాన్ ద్రవ్యరాశి వస్తుందని ఉంది. పరీక్షలో ఏది రాయాలని పక్కన పెన్సిల్‌తో అడిగాడు.

ఆ రెండో వాక్యం వెనక ఉన్నది వేగంతో ద్రవ్యరాశి పెరుగుతుందనే భావన. దాన్ని పాఠాల్లోంచి తీసేయాలని ఈ కాలమ్ ఎన్నాళ్లుగానో పోరుతోంది. ఆ భావన మంచిది కాదని ఐన్‌స్టీనే 1948లో రచయిత లింకన్ బార్నెట్‌కు రాశాడు. 1989లో భౌతిక శాస్త్రవేత్త లెవ్ ఒకున్ అదే మాట గట్టిగా వాదించాడు. ద్రవ్యరాశి అంటే శక్తిలోంచి ద్రవ్యవేగం వాటా తీసేశాక మిగిలేది. ఫోటాన్ శక్తి మొత్తం ద్రవ్యవేగం లెక్కకే సరిపోతుంది, మిగిలేది సున్నా.

వెలుగుకు ద్రవ్యవేగం ఉండటం మాత్రం నిజమే. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022లో 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పూర్తయింది. దాని పలకలు 5 లక్షల చదరపు మీటర్లనుకుంటే, నడినెత్తి ఎండ వాటన్నిటినీ కలిపి నెట్టే బలం సుమారు 170 గ్రాముల బరువంత!

అయితే నోట్సులో ఆ రెండో వాక్యం కొట్టేయాల్సిందేనా?

గనిలోకి దిగే కార్మికుడు ల్యాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంప్ తీసుకుని, బ్యాటరీ నడుముకు బిగించుకుంటాడు. లైటు నెత్తిన హెల్మెట్‌కు ఉంటుంది. ఒక వాట్ చొప్పున 8 గంటల షిఫ్టంతా వెలిగితే, వెలుగుగా, వేడిగా పోయిన శక్తి మేరకు ఆ ల్యాంపు గ్రాములో సుమారు 300 కోట్లవ వంతు తేలికవుతుంది. ఆ వెలుగులో ఏ ఫోటాన్‌కూ ద్రవ్యరాశి లేదు. మరి ల్యాంపులో తగ్గింది ఎటు పోయినట్టు?

ల్యాంపును అద్దాల గదిలో మూసేసి, ఏదీ బయటికి పోకుండా చేస్తే గది మొత్తం బరువు రవ్వంతైనా తగ్గదు. ఎదురెదురు దిక్కుల్లో పోయే రెండు సమాన ఫోటాన్లను ఒకే జట్టుగా లెక్కిస్తే ద్రవ్యవేగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, శక్తులు మాత్రం కూడతాయి. విడివిడిగా సున్నా అయిన జంటకు ద్రవ్యరాశి వచ్చేసింది. అదే రెండూ ఒకే దిక్కున పోతే కలిపినా సున్నానే. ఆ కుర్రాడు ఒక్క ఫోటాన్‌కు సున్నా అని రాయాలి. ఆ రెండో సూత్రం మాత్రం పూర్తిగా చెత్త కాదు. మూసిన గదిలో అటూ ఇటూ తిరిగే వెలుగుకు అది అక్షరాలా వర్తిస్తుంది. ఇన్నాళ్లూ ఈ కాలమ్ ఆ సంగతి తగినంత చెప్పలేదు.

బొగ్గుకూ ఇదే లెక్క. మంచి రకం కాని టన్ను బొగ్గును, అది కాలడానికి కావలసిన ఆక్సిజన్‌ను ముందే తూచి, కాలి చల్లారాక బూడిదనూ పొగనూ పట్టి మళ్లీ తూస్తే, తగ్గేది గ్రాములో 10,000 వంతుల్లో రెండు. రామగుండంలోని ఎన్టీపీసీ పాత బొగ్గు ప్లాంటు 2600 మెగావాట్లతో రోజంతా నడిస్తే లైన్లలోకి పంపే కరెంటుకు సమానమైన ద్రవ్యరాశి రెండున్నర గ్రాములు. దానికోసం కాలేది వేల టన్నుల బొగ్గు.