నిలవని సెంటు

మన మధ్యతరగతి ఇళ్ళల్లో సెంటు సీసాకి ఒక స్థిరనివాసం ఉంది. అది బీరువాలో, పట్టుచీరల వెనకాల. పెళ్ళికో పేరంటానికో బయటికి వస్తుంది. చెవుల వెనక రెండు చుక్కలు అద్దుకోగానే మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. దుబాయ్ నుంచో అమెరికా నుంచో ఎవరైనా తెచ్చిచ్చిన సీసా అయితే మరీనూ, దానికి ఓ పట్టాన ముహూర్తం కుదరదు. కొన్నేళ్ళ తర్వాత తీసి చూస్తే రంగు ముదిరి, వాసన మారి ఉంటుంది. పొదుపు చేశామన్న తృప్తి మిగులుతుంది గానీ, వాడుకున్న సుఖం మాత్రం ఎవరికీ దక్కదు.

అందుకే ఖరీదైన సెంట్ల జోలికి పోకుండా, రోజూ వాడుకోడానికే పుట్టిన ఒక చవక సెంటు గురించి రాయాలనిపించింది. దాని పేరు గ్రీన్ టీ. ఎలిజబెత్ ఆర్డెన్ కంపెనీ వాళ్ళు 1999లో తెచ్చారు. తర్వాత దానికి చాలామంది చెల్లెళ్ళు పుట్టుకొచ్చారు. వాళ్ళలో పండు వాసన కలుపుకుని వచ్చిన పిల్ల నెక్టరిన్ బ్లాసమ్. సినిమానీ నవలనీ సమీక్షిస్తారు గానీ సెంటుని సమీక్షించడం ఏమిటమ్మా అనకండి. ఒకరు కూర్చి ఇంకొకరు అనుభవించే ప్రతి వస్తువూ విమర్శకి నిలబడాల్సిందే. మన ఇళ్ళల్లో పులుసులో ఉప్పు మీద రోజూ జరిగే విమర్శకంటే ఇదేమీ కఠినంగా ఉండదు లెండి.

ముందు టీ సంగతి చూద్దాం. టీ అనగానే మన ముక్కుకి తట్టేది మరిగిన పాలు, దంచిన అల్లం, యాలకులు. ఆ ఆశతో ఈ సీసా మూత తీస్తే నిరాశే. ఇది పాలూ పంచదారా ఎరగని పచ్చ టీ. ఈ తరహా సెంట్లకి దారి వేసినవాడు జాన్ క్లాడ్ ఎల్లెనా అనే ఫ్రెంచి నిపుణుడు. పారిస్‌లో మరియాజ్ ఫ్రేర్ అనే పాత టీ దుకాణం ఉంది. అక్కడి టీ డబ్బాల వాసనలు ఆయన్ని పట్టుకున్నాయి. 1990ల మొదట్లో బుల్గారి అనే ఇటలీ నగల సంస్థకి ఆయన చేసిన పచ్చ టీ సెంటుతోనే ఈ వరస మొదలైంది. చిత్రమేమిటంటే ఆయన టీ ఆకుని పిండి వాసన తియ్యలేదు. మల్లెజాతి తేలికదనం ఇచ్చే హెడియోన్ అనే పదార్థాన్నీ, వయొలెట్ పూల వాసన ఉన్న అయొనోన్‌నీ జోడించి టీ భ్రమ కల్పించాడు. దానికి తోడు బెర్గమాట్ వాసన. బెర్గమాట్ అంటే ఇటలీ దక్షిణాన కలాబ్రియా ప్రాంతంలో పండే ఒక నిమ్మజాతి కాయ. ఎర్ల్ గ్రే టీకి ఆ ప్రత్యేకమైన వాసన వచ్చేది దాని తొక్కలోని నూనె వల్లే. అంచేత బెర్గమాట్ ముక్కుకి తగిలితే చాలు, మనసు టీకప్పుని దానంతటదే ఊహించుకుంటుంది.

నగల సంస్థవారి టీ అందరికీ అందే వస్తువు కాదు. దాన్ని మామూలు మనుషుల ధరకి దింపింది ఈ గ్రీన్ టీ. కూర్చిన వ్యక్తి ఫ్రాన్సిస్ కుర్క్‌జియాన్. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్ళు. చవక సరుకు కదా, ఎవరో అనామకుడి చేతిపని అనుకుంటాం. ఇదే మనిషి 2015లో బకరా రూజ్ 540 అనే మహా ఖరీదైన సెంటు చేశాడు. 2021లో డియోర్ సంస్థ తన పరిమళాల బాధ్యతని ఆయన చేతిలోనే పెట్టింది. చెప్పొచ్చేదేమిటంటే, సీసా మీద ధర తగ్గినంత మాత్రాన లోపల పనితనం తగ్గిందని తీర్మానించెయ్యకూడదు. ఒక్క నిమ్మకాయతో చేసిన చారు బాగుంటే, ఆ చెయ్యి గొప్పదే కదా!

ఇంతకీ ఎలా ఉంటుంది? కొట్టుకోగానే నిమ్మ, బెర్గమాట్ గుప్పుమంటాయి. వెనకే పుదీనా చల్లదనం. కాస్త ఆగితే సోంపు. ఇవన్నీ మన వంటింటి బంధువులే కాబట్టి పరాయి వాసన అనిపించదు. తర్వాత పల్చటి మల్లె ఛాయ, దాని కింద శుభ్రంగా ఉతికి ఆరేసిన నూలుబట్టలాంటి వాసన. అంతే. కథలో మలుపులు లేవు, ఆఖరి పేజీలో రహస్యాలు లేవు. మహా అయితే రెండు మూడు గంటలు, ఆ తర్వాత మణికట్టుని ముక్కుకి ఆనించి వెతుక్కోవాలి.

ఈ సెంటు మీద ఎక్కువగా వినబడే ఫిర్యాదు సరిగ్గా ఇదే. నిలవదు అంటారు. నిజమే, నిలవదు. నిమ్మజాతి వాసనల్లోని అణువులు చిన్నవి, తేలికైనవి. ఒంటి వేడికి ముందుగా ఎగిరిపోయేవి అవే. గంధం, కస్తూరి తరహా వాసనలు బరువైనవి, అందుకని పట్టుకుని ఉంటాయి. మన కన్నౌజ్ అత్తరు రాత్రిదాకా వదలదంటే కారణం, పూల ఆవిరిని గంధపు నూనెలోకి పట్టడం. ఆ పద్ధతి వేరు, ఆ ప్రయోజనం వేరు.

కానీ నిలవకపోవడాన్ని తప్పుగా లెక్కవెయ్యడానికి నాకు మనసొప్పదు. సాయంత్రం జడలో తురుముకున్న మల్లెమొగ్గలు రాత్రికి విచ్చుకుని, తెల్లవారేసరికి వడలిపోతాయి. నీ మల్లెలు నిలవలేదు, డబ్బు వాపసియ్యి అని పూలమ్మితో పోట్లాడిన ఇల్లాలిని నేనెక్కడా చూళ్ళేదు. రేపు మళ్ళీ ఓ మూర కొనుక్కుంటాం, అంతే. జ్వరమొస్తే తడిగుడ్డ మీద చల్లి నుదుటి మీద వేసే యూడీకొలోన్ కూడా ఈ కోవలోదే. 1709 నుంచి కొలోన్ నగరంలో ఫరీనా కుటుంబం అమ్ముతున్న ఆ నీళ్ళు కాసేపు సేద తీర్చి వెళ్ళిపోతాయి. వెళ్ళిపోవడం వాటి మర్యాద.

మర్యాద అన్న మాట ఊరికే వాడలేదు. రోజువారీ సెంటు మనం ఒంటరిగా అనుభవించేది కాదు. బస్సులో పక్క సీటావిడ, ఆఫీసులో ఎదురు బల్ల ఆయన, లిఫ్టులో నలుగురు, ఆస్పత్రిలో పలకరించబోయిన రోగి, వీళ్ళెవరూ మన సెంటుకి టిక్కెట్టు కొనలేదు. అందులో ఒకరికి ఘాటైన వాసన తగిలితే చాలు, పార్శ్వపు నొప్పి లేస్తుంది. పన్నెండు గంటలు గదినంతా ఆక్రమించే సెంటు పెళ్ళిపందిట్లో శోభ. పదిగంటల బస్సులో అది దౌర్జన్యం. గ్రీన్ టీ మన చేతికందేంత దూరంలోనే తిరుగుతుంది. ఎవరైనా దగ్గరికొచ్చి కూర్చుంటే తప్ప తన ఉనికి చెప్పుకోదు.

ఇక చెల్లెలు నెక్టరిన్ బ్లాసమ్. నెక్టరిన్ అంటే నూగు లేని పీచ్ పండు. పీచ్‌జాతి పండ్లతో ఒక చిక్కుంది. నిమ్మ, నారింజల తొక్క పిండితే వాసననూనె వస్తుంది. పీచ్‌ని ఎంత పిండినా రసమే గానీ సెంటుకి పనికొచ్చే నూనె రాదు. ఆ వాసన ప్రయోగశాలలో చెయ్యాల్సిందే. గామా అన్‌డెకాలాక్టోన్ అనే పదార్థం అందుకు ప్రసిద్ధం. 1919లో వచ్చిన గెర్లాన్ వారి మిత్సుకోలో పీచ్ పండు గుబాళించింది దానివల్లే. కాబట్టి పండు వాసన కృత్రిమం అని ముక్కు చిట్లించడం నా పద్ధతి కాదు. నా ఫిర్యాదు వేరు. నెక్టరిన్ తీపి మొదటి పావుగంట ముచ్చటగా ఉంటుంది. తర్వాత ఆ తీపి టీని కప్పేస్తుంది. పంచదార రెండు చెంచాలు ఎక్కువైన టీలాగా, తాగుతున్నది టీయో పానకమో తెలీదు. పైగా పేరులో పువ్వు, వాసనలో పండు! షాంపూ వాసన గుర్తొచ్చిందని ఎవరైనా అంటే నేను వాదించలేను. కాలేజీ అమ్మాయిలకి నచ్చుతుంది, నచ్చాలి కూడా. నాకు మాత్రం అక్కగారి పొదుపైన మాటే ఇష్టం.

వాడే తీరు గురించి రెండు ముక్కలు. స్నానం అయ్యాక ఒంటికి వాసనలేని నూనెగానీ క్రీముగానీ రాసుకుని, దానిమీద కొట్టుకుంటే ఇంకాసేపు ఉంటుంది. నూలు చీర కొంగు లోపలివైపు కూడా మంచి చోటే. పట్టుమీద కొట్టకండి, మరక పడొచ్చు. ముత్యాల దండ సెంటు ఆరాకే వేసుకోండి. స్పిరిట్ తగిలితే ముత్యానికి మెరుపు పోతుంది. సీసాని ఎండ తగలని చోట పెట్టండి.

నా తీర్పు ఇది. పండగ కోసం, పదిమందిలో గుర్తింపు కోసం అయితే దీన్ని కొనకండి. అందుకు వేరేవి ఉన్నాయి. ఏ విశేషమూ లేని మంగళవారం నాడు, వంటా క్యారేజీలూ అయ్యాక, ఎవరి మెప్పూ అక్కర్లేకుండా తనకోసం ఒక్క నిమిషం కావాలనుకునే మనిషికి ఇది తగిన సెంటు. నూరు మిల్లీలీటర్ల సీసా, లెక్కచూసుకోకుండా వాడుకోగల ధర. అయిపోతుందేమోనని భయపడకుండా రోజూ కొట్టుకోండి. అయిపోవడానికే కదా కొన్నది!